ఆరింట ఒక వంతు

"సోమవారం ఆఫీసు నుంచి ఎన్నింటికి వెళ్లారు?"

"నాలుగూ అయిదు నిమిషాలకి."

"నిమిషాలతో సహా గుర్తుందే!"

"నాకు గుర్తుండక్కర్లేదమ్మా. తలుపు దగ్గర కార్డు గీకే మిషనుంది. అదే రాసిపెడుతుంది." వింటన్ మాబెర్లీ ఒక కాగితాన్ని బల్లమీద ముందుకు జరిపాడు.

డిటెక్టివ్ సార్జెంట్ నెరిడా క్విల్టీ దాన్ని తీసుకుని చదివింది. బయటికి: 4.05. కాగితం సంగతి సరే, అడగకముందే దాన్ని అచ్చు తీసి సిద్ధంగా పెట్టుకోవడమే ఆమెకు నచ్చలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లను పద్దెనిమిదేళ్లుగా చూస్తోంది మరి.

మాబెర్లీకి అరవై దగ్గరపడుతున్నాయి. లాంబర్ట్ వైద్య కళాశాలలో అడ్మిషన్ల అధికారి. కార్మిక దినం సెలవైనా మొన్న సోమవారం ఆఫీసుకు వచ్చాడు. ఆ ఉదయం పదింటికి ఇక్కడి కంప్యూటర్ ఆరువందల మందికి ఒకే ఉత్తరం పంపింది. మిమ్మల్ని ఇంటర్వ్యూకి పిలవడం లేదు, విచారిస్తున్నాం అని. ఆ ఆరువందల మందిలో మార్నీ ట్రెవాస్కిస్ ఒకతె. ముప్ఫైతొమ్మిదేళ్ల మనిషి, పోర్ట్ కార్లిన్ అంబులెన్స్‌లో ఉద్యోగం. మంగళవారం ఉదయం ఆరింటికి పాత జెట్టీ కింద నీళ్లలో శవమై కనిపించింది. ఎడమ కాలు మోకాలి కింద విరిగి ఉంది.

"సోమవారం మీకు ఫోన్లేమైనా వచ్చాయా?"

"లేవు. సెలవు రోజున ఎవరు చేస్తారు?"

"మార్నీని ఎప్పుడైనా కలిశారా?"

"కాగితాల మీద మాత్రమే. మూడుసార్లు దరఖాస్తు పెట్టింది, మూడుసార్లూ రాలేదు. పాపం." ఆ పాపం అన్న మాట గబగబా అనేశాడు. "నిజం చెప్పాలంటే ఆశ్చర్యం లేదు. పందొమ్మిదో ఏట కాలేజీలో చేరి మొదటి ఏడాదే అన్నీ తప్పింది."

"వాళ్ల నాన్న పడవ మునిగిన ఏడాది అది."

"కావచ్చు. అంకెలకి ఆ సంగతి తెలీదు కదా."

"ఆ మార్కులు లెక్కలోకి తీసుకుంటారా?"

"తీసుకోం. పదేళ్లు దాటిన మార్కులు అసలు ముట్టుకోం. ఆ తర్వాత చదివిన డిగ్రీలో చివరి మూడేళ్లే చూస్తాం."

"మరి ముట్టుకోని మార్కులు మీకెలా గుర్తున్నాయి?"

మాబెర్లీ చూపు కాగితం మీదికి దించాడు. నెరిడా పెన్ను తెరిచింది. "ఆ మూడేళ్లూ సమానమేనా?"

"కాదు, వెయిటేజీ ఉంటుంది. అన్నిటికన్నా పాత ఏడాదికి ఒక వంతు, మధ్య ఏడాదికి రెండు, చివరి ఏడాదికి మూడు. మొత్తం ఆరు వంతులు. మనిషి చిన్నప్పుడు ఎలా ఉన్నాడన్నది కాదు, ఇప్పుడెలా ఉన్నాడన్నది మాకు ముఖ్యం." ఈ మాటలు ఎన్నో సభల్లో చెప్పి అరగదీసినవని వింటేనే తెలుస్తోంది. "ఏడుకి అయిదు పాయింట్ ఎనిమిది దాటితే పిలుపు. ఆవిడకి అయిదు పాయింట్ మూడు వచ్చింది."

నెరిడా అన్నీ రాసుకుంది. వేళ రాద్దామని గోడ గడియారం వైపు చూస్తే తొమ్మిదీ పది. చేతి గడియారంలో పదీ పది.

"మీ గడియారం గంట వెనక ఉంది."

"ఆదివారం సర్కారు లెక్కన అందరూ గడియారాలు గంట ముందుకి జరిపారుగా, మనకి వేసవి వేళలు మొదలని. ఈ భవనంలో ఆ పని చూసే మనిషి సెలవులో ఉన్నాడు. రేపొస్తాడు. ఏటా అక్టోబరులో మాకీ తంతు మామూలే."

కిటికీ దగ్గర కుర్చీలో కాలు మీద కాలేసుకున్న ఇన్‌స్పెక్టర్ కలెన్ స్ట్రేక్ గట్టిగా నవ్వాడు. "గడియారాలు బాగుచేసే పనిలో కూడా దిగావా క్విల్టీ? ఇంక లే. పెద్దమనిషి పని పాడుచెయ్యకు."

స్ట్రేక్ ఈ ఊరి స్టేషనుకి అధికారి. మార్నీ తనంతట తాను దూకిందని మంగళవారం మధ్యాహ్నానికే తేల్చేశాడు. నెరిడా ఒంటరిగా వెళ్తే కాలేజీవాళ్లను వేధిస్తుందని తనూ వెంట వచ్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. రెండుసార్లు నెరిడా నాలుగో కాలు చూపించింది. అది ఆయన ఇంకా మరిచిపోలేదు.

నడవాలోకి రాగానే నెరిడా అడిగింది. "కాలు విరిగాక కనీసం గంట బతికుందని డాక్టరు రాశారు సార్. ఏడు, ఎనిమిది మధ్య ప్రాణం పోయింది. విరిగిన కాలికి తన బెల్టుతో తనే కట్టు కట్టుకుంది. చావాలనుకున్న మనిషి కట్టు కట్టుకుంటుందా?"

"దూకింది. నీళ్లు తక్కువున్నాయి, కాలు విరిగింది. నొప్పికి బుద్ధి మారింది. పోటెక్కింది, పోయింది. ఇలాంటివి నేను ఆరు చూశా."

"ఒక్క పూట గడువివ్వండి."

"మూడింటికి రిపోర్టు మీద సంతకం పెట్టి, చావులు విచారించే కరోనర్‌కి పంపేస్తున్నా. నాలుగింటికి వాళ్లమ్మకి చెప్పాలి. ఆ ముసలావిడ నర్సింగ్ హోమ్‌లో రెండ్రోజుల్నించి కిటికీకి అతుక్కుని కూర్చుందట."

నెరిడాకు ఆ సంగతి తెలుసు. మార్నీ తల్లి హెస్టర్ ట్రెవాస్కిస్ పక్షవాతంతో మాట తడబడుతున్నా నిన్న నెరిడా చెయ్యి వదల్లేదు. నా పిల్ల నన్ను ఒదిలేసి తనంతట తాను పోయిందా, ఆ ఒక్కటీ చెప్పు అని అడిగింది. తెలుసుకుని వచ్చి చెబుతానని నెరిడా మాటిచ్చి వచ్చింది.

"ఒక మార్కు కోసం మనిషి చస్తుందా సార్?"

"చచ్చేవాళ్లు చస్తారు." స్ట్రేక్ గొంతు తగ్గించాడు. "రెండేళ్ల కిందట మా అమ్మాయి ఇమోజెన్‌ని కూడా ఇక్కడే కాదన్నారు. అది సముద్రంలో దూకలేదే! పడమటి గనుల్లో లారీ తోలుకుంటోంది. మొదటి ఏడాది తిరుగుళ్లు తిరిగింది, ఆ ఏడాదే ముంచింది. అంకెలు అబద్ధమాడవమ్మాయ్, నీకంత లేదు అని దాని మొహం మీదే చెప్పా."

"ఇప్పుడు మీతో మాట్లాడుతోందా?"

స్ట్రేక్ మొహం ఎర్రబడింది. "మూడింటికి," అని వెళ్లిపోయాడు. ఆ మాట అడగకుండా ఉండాల్సిందని నెరిడాకు అనిపించింది. కానీ నోరు జారాక ఏంచేస్తాం.

*

గార్నెట్ వీధిలో మార్నీ ఇంటి తాళం బెవ్ హుడాక్ దగ్గరుంది. బెవ్, మార్నీ తొమ్మిదేళ్లుగా ఒకే అంబులెన్స్‌లో తిరిగారు. బెవ్ బండి నడిపేది, మార్నీ వెనక రోగి దగ్గర కూర్చునేది. పదకొండున్నరకి బెవ్ తలుపు తీసింది. లోపలికి మాత్రం రాలేక గుమ్మం దగ్గరే నిలబడింది.

"వాసనొస్తోంది కదా తల్లీ. నేను ముట్టుకోలేదు. మీవాళ్లు ఏదీ కదపొద్దన్నారు."

సింకులో పళ్లెం, పళ్లెంలో రెండు గొర్రె మాంసపు ముక్కలు. నీరు కారి, రంగు మారి ఉన్నాయి.

"సోమవారం పొద్దున డ్యూటీకొచ్చే ముందు ఫ్రీజర్లోంచి తీసి పెట్టిందిట. ఒకటి నాకు, ఒకటి తనకి. ఏడింటికి రా, బంగాళాదుంపలు నువ్వు తెచ్చుకో, నీ తిండికి నేను చాలను అంది." బెవ్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "వచ్చా. తలుపు కొట్టా. వాళ్లమ్మ దగ్గరికి వెళ్లుంటుందిలే అనుకుని ఇంటికి పోయి టోస్టు తిని పడుకున్నా. వెతకలేదు తల్లీ. మనుషుల్ని వెతకడమే కదా మా ఉద్యోగం? ఒక్కసారి జెట్టీ వైపు బండి తిప్పుంటే?"

ఏడింటికి మార్నీ బతికే ఉంది. డాక్టరు రాసిన ఆ కాగితం నెరిడా సంచిలోనే ఉంది. దాని మాట ఎత్తకుండా ఆమె ఫ్రిజ్ వైపు తిరిగింది. ఎప్పటికైనా బెవ్‌కి తెలియక తప్పదు. కానీ అది ఈ వాసనలో, ఈ గుమ్మంలో తెలియనక్కర్లేదు.

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద కాలేజీ ఉత్తరం అచ్చు. సగటు 5.30 అని ఉంది. దాని పక్కన అంబులెన్స్ డ్యూటీ చార్టు తిరగేసి పెట్టి ఉంది, వెనకవైపు నీలం సిరాతో లెక్క. నెరిడా దాన్ని తీసి టేబుల్ మీద పరిచింది.

మొదటి ఏడాది 4.5. రెండో ఏడాది 5.7. మూడో ఏడాది 6.9. ఒకటి, రెండు, మూడుతో హెచ్చవేసి, కూడి, ఆరుతో భాగించింది. 6.10. దాని కింద రెండు గీతలు. పక్కన ప్రశ్నార్థకం.

"మొదటి ఏడాది ఎందుకింత తక్కువ?"

"వాళ్లమ్మకి పక్షవాతం వచ్చింది అప్పుడే. రాత్రి డ్యూటీ, పొద్దున అమ్మకి స్నానం, మధ్యాహ్నం చదువు. నిలబడి నిద్రపోయేది, గుర్రంలా. తర్వాత సర్దుకుంది. చివరి ఏడాది చూశావుగా, ఏడుకి ఆరు పాయింట్ తొమ్మిది! మా డిపోలో కేకు కోశాం."

6.10 వస్తే పిలుపు రావాలి. ఉత్తరంలో 5.30 ఎలా వచ్చింది? నెరిడా కాగితం కిందికి చూసింది. మార్నీ కూడా అదే ఆలోచించింది. ఏదో ఒక సంవత్సరాన్ని వదిలేసి చూసింది, కొట్టేసింది. మూడూ సమానంగా వేసి చూసింది, కొట్టేసింది. అట్టడుగున, తొందరగా రాసిన వరుస ఒకటుంది. మొదటి ఏడాదిని మూడుతో, చివరి ఏడాదిని ఒకటితో హెచ్చవేసింది. 5.30. దాని పక్కన మార్నీ ఇంకేమీ రాయలేదు. సిరా మాత్రం కాగితం అవతలికి దిగేలా సున్నా చుట్టింది.

వెయిటేజీ తలకిందులైంది. అన్నిటికన్నా తక్కువ లెక్కించాల్సిన పాత మార్కుల్ని అన్నిటికన్నా ఎక్కువ లెక్కించారు.

నెరిడా ఫోన్ మోగింది. టెలిఫోన్ కంపెనీ. మార్నీ ఫోన్ నీళ్లలో పోయినా, దాంతో చేసిన కాల్స్ లెక్క వాళ్ల దగ్గరుంది. చివరి కాల్ సోమవారం సాయంత్రం 4.12కి లాంబర్ట్ కాలేజీకి. సెలవు రోజు కాబట్టి అది అడ్మిషన్ల అధికారి బల్లకే మళ్లింది. ఎవరో ఎత్తారు, పదకొండు నిమిషాలు మాట్లాడారు.

కానీ మాబెర్లీ 4.05కే వెళ్లిపోయాడు. మిషనే సాక్ష్యం.

నెరిడా వంటింటి కుర్చీలో కూలబడి చేతి గడియారం వైపు చూసుకుంది. తర్వాత సంచిలోంచి ఫోటో తీసింది.

"బెవ్, కష్టమైన పని అడుగుతున్నాను. ఈ కట్టు చూడండి."

బెవ్ అప్పుడు లోపలికి వచ్చింది. పని మాట అనగానే కాళ్లు వాటంతటవే కదిలినట్టున్నాయి. కళ్లు తుడుచుకుని ఫోటోని వెలుగులో పట్టుకుంది.

"పాపిష్టిదానా, ఎంత బాగా కట్టావే..." అంది మెల్లగా. "చూడు తల్లీ. రెండు కాళ్లకీ మధ్య మేజోళ్లు చుట్టి పెట్టింది. మంచి కాలికి చెడ్డ కాలు కట్టింది, బెల్టు పైన, చొక్కా పీలిక కింద. స్ట్రెచర్ మీదకి ఎత్తే ముందు మేం ఇలా కడతాం. ఇలా కట్టుకుంటే ఇంక పాకడానికి కూడా ఉండదు, కదలడానికి ఉండదు."

"జెట్టీ మెట్ల మీదికి పాకాలనుకుంటే?"

"అప్పుడు కట్టదు. కాళ్లు విడిగానే ఉంచుకుంటుంది." బెవ్ ఫోటోని ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. ఆమెకే అర్థమవుతోంది. "ఇది... బండి వస్తోందని తెలిసిన మనిషి కట్టుకునే కట్టు. మా పని తేలికవ్వాలని కట్టింది. ఎవరో ఫోన్ చెయ్యడానికి వెళ్లారనుకుంది."

*

ఒంటిగంటా యాభై రెండుకి నెరిడా కాలేజీ తలుపు దగ్గర సందర్శకుల కార్డు గీకింది. మిషను ఉమ్మిన చీటీని చింపి మడిచి జేబులో పెట్టుకుంది.

నడవాలో స్ట్రేక్ ఎదురయ్యాడు. చేతిలో రిపోర్టు ఉంది.

"మళ్లీ ఇక్కడికెందుకొచ్చావు? నువ్వు మళ్లీ వస్తానన్నావని కాలేజీ పెద్దలు నాకు ఫోన్ చేశారు. నువ్వు నా మాట కాదని తిరుగుతున్నావని రాసి పైకి పంపిస్తా క్విల్టీ. నీకు కావలసింది న్యాయం కాదు, నన్ను మూడోసారి వెర్రివాణ్ణి చెయ్యడం."

"సార్, పది నిమిషాలు. పక్కన నిలబడి వినండి. నేను తప్పయితే రేపు రాజీనామా ఇస్తాను."

"రాతపూర్వకంగా?"

"మీ పెన్నుతోనే."

స్ట్రేక్ తలుపు తోశాడు. మాబెర్లీ లేచి నిలబడి, ఇద్దర్నీ చూసి, మళ్లీ కూర్చున్నాడు.

నెరిడా చీటీని బల్లమీద పెట్టింది. "నేను లోపలికొచ్చింది ఇప్పుడే. ఒంటిగంటా యాభై రెండు. మీ మిషను ఏమంటోందో చదవండి."

మాబెర్లీ చదవలేదు. స్ట్రేక్ వంగి చదివాడు. "పన్నెండూ యాభై రెండు."

"గడియారాలు జరిపే మనిషి సెలవులో ఉన్నాడు. గోడవే కాదు, తలుపుదీ వెనకే ఉంది. సోమవారం మీరు వెళ్లింది నాలుగూ అయిదుకి కాదు, అయిదూ అయిదుకి. నాలుగూ పన్నెండుకి మార్నీ ఫోన్ చేసినప్పుడు మీరు ఇదే కుర్చీలో ఉన్నారు. పదకొండు నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు?"

"ఎవరెవరో చేస్తుంటారు... అందరూ ఏడుస్తారు... నాకు గుర్తు..."

"ఆమె ఏడవలేదు. లెక్క చెప్పింది. వెయిటేజీ తిరగబడిందని చెప్పింది." డ్యూటీ చార్టు బల్లమీదికి వచ్చింది. దాని పక్కన ఫోటో. "ఇక ఈ కట్టు చూడండి. సాయం వస్తోందని నమ్మిన మనిషి కట్టుకున్న కట్టు ఇది. ఎవర్ని నమ్మింది మాబెర్లీ గారూ?"

గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది. మాబెర్లీ ఫోటోని తాకలేదు. దాని అంచు పక్కన బల్లని వేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"అరవలేదు," అన్నాడు చివరికి. "ఆవిడ అరిచి ఉంటే బావుండేది."

స్ట్రేక్ రిపోర్టు ఉన్న చెయ్యి కిందికి దిగింది.

"ఆఫీసులో వద్దు, జెట్టీ దగ్గర మాట్లాడుకుందాం అన్నాను. అయిదున్నరకి వచ్చింది. గాలి ఎక్కువగా ఉంది, ఎవరూ లేరు. నాకు డబ్బేం వద్దు, క్షమాపణ కూడా వద్దు, నాలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో చూడండి, వాళ్లకి చెప్పండి, అంతే అంది. లెక్క ఎత్తిరాసుకొచ్చిన కాగితం లాక్కోబోయాను. వెనక్కి అడుగేసింది. జెట్టీ చివర నీళ్లలోకి దిగే మెట్లకి నాచు. పడింది."

"తర్వాత?"

"ఆవిడ ఫోన్ నీళ్లలో పడిపోయింది. కింది మెట్టు మీద కూర్చుని కాలు తడిమి చూసుకుంది. నాకేసి చూసి, 'అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి, మూడు సున్నాలు కొట్టండి. పాత జెట్టీ చివర, కింది మెట్టు. మోకాలి కింద రెండెముకలూ విరిగాయి. స్పృహలో ఉంది. పోటెక్కుతోంది, తొందరగా రమ్మనండి. ఇలాగే చెప్పండి' అంది. నాచేత ఒకసారి అప్పజెప్పించింది కూడా. కంగారులో తప్పు చెబుతానేమోనని."

ఆయన అప్పజెప్పినట్టే చెప్పాడు. ఒక్క మాట తప్పు పోలేదు.

"తర్వాత?" అంది నెరిడా.

"ఫోన్ కార్లో ఉంది. కారు దాకా పరిగెత్తాను. నిజంగానే పరిగెత్తానమ్మా. రెండు సున్నాలు నొక్కాను." మాబెర్లీ అరచేతుల్లో మొహం దాచుకున్నాడు. "ఎనిమిది నెలల్లో రిటైరవుతాను. ఆవిడ బతికితే అందరికీ తెలుస్తుంది. బెల్టు పెట్టుకుని కార్లోనే కూర్చున్నాను, కాసేపు ఆలోచించుకుందామని. అంతే, కాసేపే. చీకటి పడింది."

నెరిడా ఎన్నో నేరాలు చూసింది. కోపంతో చేసినవి, తాగి చేసినవి. ఇంత మర్యాదగా, ఇంత నెమ్మదిగా, సీటు బెల్టు పెట్టుకుని చేసిన నేరం చూడలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, తుడుచుకోనూ లేదు.

"ఈ తప్పు మీకెప్పుడు తెలిసింది?"

"మార్చిలో. నాలుగేళ్ల కిందట మార్కుల పట్టీలు పంపే పద్ధతి మారింది. అంతకుముందు పాత ఏడాది పై వరుసలో ఉండేది. కొత్త పద్ధతిలో చివరి ఏడాది పైకొచ్చింది. మా లెక్కల పట్టీ మార్చాల్సింది నేను. పై వరుసకి ఒకటి, కింది వరుసకి మూడు, అలాగే ఉండిపోయింది. మొదట్నించీ ఒకేలా చదివేవాళ్లకి తేడా రాదు, అందుకే ఎవరూ కనిపెట్టలేదు. మొదట పడి తర్వాత లేచినవాళ్లే పోయారు."

"ఎంతమంది?"

"పదకొండు మంది. జాబితా రాశాను. పడేద్దామని నాలుగుసార్లు అనుకున్నాను. చేతులు రాలేదు." సొరుగు తాళం తీసి ఒక మడత కాగితం ఇచ్చాడు. "ఈ ఏడు పట్టీ సరిచేస్తే పాత సంగతి బయటికొస్తుందని దాన్నీ అలాగే పోనిచ్చాను."

నెరిడా మడత విప్పింది. వరుసగా పేర్లు, ఒక్కో పేరు ముందు మూడేళ్ల మార్కులు, తప్పు సగటు. ట్రెవాస్కిస్ మార్నీ పేరు వేర్వేరు ఏళ్లలో మూడుసార్లు ఉంది. ఆమె చూపు కిందికి జారి ఏడో పేరు దగ్గర ఆగిపోయింది. కాగితాన్ని గబుక్కున మడవబోయింది.

"ఏంటది?" అన్నాడు స్ట్రేక్.

"తర్వాత చూద్దాం సార్. ముందు ఈయన్ని..."

"ఇటివ్వు క్విల్టీ."

ఆమె ఇవ్వలేదు. ఆయనే తీసుకున్నాడు. చదివాడు. చాలాసేపు ఒకే వరుస చదివాడు.

తర్వాత కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. సంతకం పెట్టాల్సిన రిపోర్టుని బోర్లా తిప్పి, పెన్ను తీసి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. నాలుగు పాయింట్ రెండుని ఒకటితో. ఆరుని రెండుతో. ఆరు పాయింట్ ఆరుని మూడుతో. కూడాడు. ముప్ఫై ఆరు. ఆరుతో భాగించాడు. మళ్లీ మొదట్నించి చేశాడు. రెండోసారి కూడా ఆరే వచ్చింది. పక్కన కాలేజీ ఇచ్చిన సగటు ఉంది, అయిదు పాయింట్ రెండు.

"అయిదు పాయింట్ ఎనిమిది చాలు కదూ?" అన్నాడు. అడిగింది ఎవర్నో తెలియలేదు.

"చాలు సార్."

"మొదటి ఏడాది తిరుగుళ్లు తిరిగిందని చెప్పా కదా నీకు. తిరుగుళ్లు కాదు. అది వాళ్లమ్మ పోయిన ఏడాది. నేను ఇంటికొచ్చేవాణ్ణి కాదు, స్టేషన్లోనే పడుకునేవాణ్ణి. వంట అదే చేసుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలీదు." పెన్ను మూత పెట్టాడు. "తర్వాత రెండేళ్లు అది ఎంత చదివిందో నేను చూడలేదు క్విల్టీ. ఆ ఉత్తరం వచ్చినప్పుడు మాత్రం చూశాను."

నెరిడా మాబెర్లీ చేతులకు బేడీలు వేసి, హక్కులు చదివి, బయట ఉన్న కానిస్టేబుల్‌కి అప్పగించి వచ్చేసరికి స్ట్రేక్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గర ఉంది. అవతల మోగుతూనే ఉంది. ఆగింది. కీచుమని శబ్దం వచ్చింది.

"ఇమోజెన్," అన్నాడు. "నేనమ్మా, నాన్నని. కట్ చెయ్యకు... అవున్లే, ఇది రికార్డేగా. అమ్మా, నీకొచ్చింది ఆరు. అయిదు పాయింట్ రెండు కాదు. వాళ్లు పొరబాటు చేశారు. నేను ఇప్పుడే వేసి చూశా, రెండుసార్లు వేశా." ఊపిరి పీల్చుకున్నాడు. "వాళ్లు ఒక్క ఏడాదినే తప్పుగా తూచారు. నేను... నువ్వు ఫోన్ చెయ్యకపోయినా ఫరవాలేదు. ఈ సంగతి మాత్రం విను."

ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. గోడమీద ఒకటీ నలభై. అంటే రెండూ నలభై. రిపోర్టుని రెండుగా చింపబోయి, వెనక ఉన్న లెక్క చూసి ఆగాడు. లెక్క చిరగకుండా మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న నువ్వు వెళ్లినప్పుడు ఆ ముసలావిడ ఏమని అడిగింది?"

"నా పిల్ల తనంతట తాను పోయిందా అని."

"పద," అన్నాడు స్ట్రేక్. "పోలేదని నేను చెబుతాను. చివరిదాకా ఎదురుచూసిందని చెప్పడం మాత్రం నావల్ల కాదు. అది నువ్వు చెప్పు."